స్క్రూజ్ కూడా టాక్స్ కట్టాడు

కిందటి డిసెంబర్ మూడో వారంలో మా టీమ్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. మా నైట్ షిఫ్ట్ క్యాబ్ నడిపే డ్రైవర్ బండి మీద నుంచి పడ్డాడు, కాలు రెండు చోట్ల విరిగింది, ఆపరేషన్ చెయ్యాలన్నారు, తలా ఓ వెయ్యో రెండు వేలో వెయ్యండి అని. పెట్టింది నా పక్క సీటు మిత్రుడే. నేను పెద్దగా ఆలోచించకుండా టైపు చేసిన జవాబు ఇది: "ఆరోగ్యశ్రీ ఉంది కదా? ట్రావెల్స్ వాళ్ళు ఇన్సూరెన్స్ చేయించి ఉండాలి కదా? నెలనెలా నాకు టీడీఎస్ ఎంత కట్ అవుతోందో తెలుసా?"

ఇద్దరు బొటనవేలు గుర్తు పెట్టారు. నిజం చెప్పొద్దూ, లాజిక్ బాగా మాట్లాడాననుకుని కాస్త మురిసిపోయాను కూడా.

అదే వారం ఆఫీసులో సీక్రెట్ శాంటా అని ఓ తతంగం జరిగింది. ఎవరో పుణ్యాత్ములు నాకో పల్చటి పుస్తకం పెట్టారు. చార్లెస్ డికెన్స్ రాసిన 'ఎ క్రిస్మస్ కెరోల్'. చిన్నప్పుడు బొమ్మలతో కుదించి వేసిన పుస్తకంలో ఈ కథ చదివాను. పిసినారి ముసలాడు, రాత్రి దెయ్యాలు, పొద్దున్నకి మంచివాడైపోవడం, అంతే గుర్తు. అసలు పుస్తకం ఎప్పుడూ ముట్టుకోలేదు. ఆ ఆదివారం ఊరికే తిరగేస్తుంటే మొదటి అధ్యాయంలోనే నా మెసేజ్ కనిపించింది.

సందర్భం ఇది. క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం ఇద్దరు పెద్దమనుషులు స్క్రూజ్ ఆఫీసుకి చందాకొస్తారు. చలికాలం కదా, పేదవాళ్ళకి తిండి, తాగడానికేదో, వెచ్చగా ఉండటానికేదో ఏర్పాటు చేస్తున్నాం, మీ పేరు మీద ఎంత రాసుకోమంటారు అని అడుగుతారు. ఇక్కడ మన తెలుగు కథల్లోని పిసినారి అయితే ఏం చేస్తాడు? డబ్బుల్లేవంటాడు. రేపు రమ్మంటాడు. లోపల దాక్కుని పెళ్ళాంతో ఊళ్ళో లేడని చెప్పిస్తాడు. స్క్రూజ్ అవేవీ చెయ్యడు. తిరిగి ప్రశ్నలు వేస్తాడు. జైళ్ళు లేవా? వర్క్‌హౌసులు మూసేశారా? ట్రెడ్‌మిల్లు, పూర్ లా సరిగ్గా నడవడం లేదా? అన్నీ నడుస్తున్నాయండీ అంటారు వాళ్ళు. అయితే సరే, వాటి ఖర్చులో నా వాటా నేను ఇస్తున్నాను, అదే చాలా ఎక్కువ, గతిలేనివాళ్ళు అక్కడికే పోవాలి అంటాడు. అక్కడికి పోయేకన్నా చావడమే నయమనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారండీ అంటే, అలాగే చావమనండి, మిగులు జనాభా తగ్గుతుంది అంటాడు.

చివరి మాట నేను అనలేదు లెండి. దానికి ముందువన్నీ అన్నాను.

మన భాషలో పిసినారుల మీద సామెతలకి కొదవ లేదు. ఎంగిలి చేత్తో కాకిని తోలడంటాం, పిల్లికి బిచ్చం పెట్టడంటాం. వేమన అయితే లోభుల్ని వదిలిపెట్టిందే లేదు. కానీ వీటన్నిట్లోనూ లోభం ఒక గుణం, ఒక రోగం. ఫ్రెంచి నాటకకర్త మోలియేర్ 1668లో సృష్టించిన హార్పగాన్ కూడా అంతే, తోటలో పాతిపెట్టిన డబ్బు పెట్టె తప్ప వాడికి లోకం లేదు. వాడికి సిద్ధాంతం ఏమీ లేదు, డబ్బంటే పిచ్చి, అంతే.

స్క్రూజ్‌కి నమూనా అని చాలామంది చెప్పే జాన్ ఎల్విస్ అనే ఆయన కథ ఇంకా తమాషా. పద్దెనిమిదో శతాబ్దం మనిషి, 1789లో పోయాడు. బెర్క్‌షైర్ నుంచి పన్నెండేళ్ళు పార్లమెంటు సభ్యుడు. లక్షల పౌన్ల ఆస్తి. బండికి డబ్బులు దండగని వానలో తడుస్తూ నడిచేవాడట, ఇల్లు కురుస్తున్నా బాగుచేయించేవాడు కాదట. కానీ అదే మనిషి, ఓ ప్రభువు గుర్రప్పందెంలో చిక్కుకుంటే అడక్కుండానే ఏడు వేల పౌన్లు అప్పిచ్చాడు. ఇచ్చిన అప్పులు అడగడానికి మొహమాటపడేవాడట. అంటే తన విషయంలో పరమ పిసినారి, ఎదుటివాడి విషయంలో కాదు. డికెన్స్‌కి ఈయన గురించి బాగా తెలుసు, తర్వాత రాసిన ఒక నవలలో పేరు పెట్టి ప్రస్తావించాడు కూడా.

కాబట్టి ఎల్విస్ నుంచి తీసుకుంటే చిరిగిన కోటు వరకే తీసుకుని ఉండాలి. చందా అడిగినవాళ్ళకి స్క్రూజ్ చెప్పిన జవాబు మాత్రం ఏ పిసినారిదీ కాదు. అది అప్పటి ఇంగ్లండు ప్రభుత్వానిది. ఈ సంగతి నాకు కొత్త. పుస్తకం పక్కన పెట్టి రెండు వారాలు ఆ చట్టం గురించి దొరికినదల్లా చదివాను (స్ప్రింట్ పని అటకెక్కింది, అది వేరే కథ).

ఇంగ్లండులో పేదల పోషణ 1601 నుంచీ చట్టబద్ధమే. ప్రతి పారిష్, అంటే ఒక చర్చి పరిధిలో ఉండే ఊరు, తన పేదల్ని తనే చూసుకోవాలి. అందుకు స్థలాలూ ఇళ్ళూ ఉన్నవాళ్ళ మీద పన్ను వేస్తారు. స్క్రూజ్ కట్టేవాటిలో ఇదొకటి. 1795లో రొట్టె ధర మండిపోతే కొన్ని జిల్లాల్లో కూలి చాలనివాళ్ళకి రొట్టె ధరని బట్టి పైన కొంత కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు. మన భాషలో కరువు భత్యం అనుకోవచ్చు. ఖర్చు పెరిగింది. పన్ను కట్టేవాళ్ళు గొణిగారు. ఊరికే ఇస్తుంటే జనం సోమరులైపోతున్నారు, రైతులేమో కూలి పెంచడం మానేస్తున్నారు అన్నారు. రెండో మాటలో కొంత నిజం లేకపోలేదు. 1832లో ఒక కమిషన్ వేశారు, 1834లో కొత్త పూర్ లా వచ్చింది.

ఆ చట్టం వెనకున్న ఆలోచన చూస్తే నాకు ఒళ్ళు జలదరించింది, ఎందుకంటే అది చాలా చక్కగా డిజైన్ చేసిన సిస్టమ్. సాయం కావాలా, వర్క్‌హౌసుకి రా. లోపలి బతుకు మాత్రం బయట అందరికన్నా తక్కువ కూలి తెచ్చుకునేవాడి బతుకు కన్నా హీనంగా ఉండాలి. అప్పుడు నిజంగా గతిలేనివాడే తలుపు తడతాడు. అర్హుడెవడో అనర్హుడెవడో ఎవరూ విచారించనక్కర్లేదు, బాధే వడపోస్తుంది. మనం వెబ్‌సైట్లలో అన్‌సబ్‌స్క్రైబ్ బటన్‌ని ఎక్కడో లోపల దాచిపెట్టి, చూశారా ఎవరూ మానేయడం లేదు అని మీటింగులో గ్రాఫు చూపిస్తామే, అదే పద్ధతి.

లోపలికి రాగానే మొగుడినీ పెళ్ళాన్నీ పిల్లల్నీ వేరుచేసేవారు. యూనిఫాం ఇచ్చేవారు. పని ఏమిటంటే రాళ్ళు కొట్టడం, పాత ఓడతాళ్ళని వేళ్ళతో పీచు పీచుగా విప్పడం, ఎరువు కోసం ఎముకలు దంచడం. 1845లో ఆండోవర్ అనే ఊరి వర్క్‌హౌసులో, దంచమని ఇచ్చిన ఎముకల్ని అంటుకున్న కండ కోసం జనం కొరుక్కు తింటున్నారని బయటపడి పెద్ద గొడవైంది. డికెన్స్ పుస్తకం అచ్చయిన రెండేళ్ళకి ఇది. చావడమే నయమనుకునేవాళ్ళున్నారని ఆ పెద్దమనిషి అన్నది అతిశయోక్తి కాదన్నమాట.

ఇక ట్రెడ్‌మిల్లు. మనం జిమ్ములో నెలకి ఇంత అని డబ్బు కట్టి ఎక్కేది అప్పట్లో జైలు శిక్ష :) 1818లో విలియం క్యూబిట్ అనే ఇంజనీరు కనిపెట్టాడు. (మనవాడే, ఏం చెప్పను.) పెద్ద చక్రానికి మెట్లుంటాయి, ఖైదీలు గంటల తరబడి ఎక్కుతూనే ఉండాలి, ఎంత ఎక్కినా అక్కడే ఉంటారు. కొన్నిచోట్ల దానితో పిండి ఆడించేవారు. కొన్నిచోట్ల దేనికీ కలిపేవారే కాదు, ఊరికే తిరిగేది. దేశదిమ్మరిగా తిరుగుతున్నాడని పట్టుకున్న పేదవాడు కూడా దీని మీదకి ఎక్కేవాడు. అందుకే స్క్రూజ్ జాబితాలో పేదల సాయమూ జైలూ ఒకే ఊపిరిలో వస్తాయి. ఆయన దృష్టిలో రెండూ ఒకే శాఖ.

ఇంకో చిన్న నిబంధన ఉంది, అది నాకు బాగా గుచ్చుకుంది. 1662 నాటి చట్టం ప్రకారం పేదవాడికి సాయం తన సొంత పారిష్‌లోనే దొరుకుతుంది. పని వెతుక్కుంటూ వేరే ఊరు పోయి అక్కడ జబ్బుపడితే, ఆ ఊరివాళ్ళు బండెక్కించి వెనక్కి పంపించేయొచ్చు. 1834 తర్వాత కూడా ఈ పద్ధతి పోలేదు. ఇది చదివిన రోజునే మిత్రుడిని అడిగాను, ఆ డ్రైవర్‌కి ఆరోగ్యశ్రీ ఎందుకు రాలేదని. వాళ్ళది బీదర్ అవతల పల్లెట, కార్డు కర్ణాటకది. ట్రావెల్స్ వాడి ఇన్సూరెన్సేమో డ్యూటీలో ఉన్నప్పుడు మాత్రమేనట. అతను పడింది డ్యూటీ దిగి రూముకి పోతుండగా.

సరే, మిగులు జనాభా అన్న మాట సంగతి. అది మాల్థస్ వాదం నుంచి వచ్చింది. తిండి పెరిగే వేగం కన్నా జనం పెరిగే వేగం ఎక్కువ, కాబట్టి కరువూ రోగాలూ జనాన్ని కోసేయక తప్పదు, పేదలకి సాయం చేస్తే వాళ్ళు ఇంకా పిల్లల్ని కని సమస్య పెంచుతారు, ఇదీ క్లుప్తంగా. మొదటిసారి 1798లో పేరు లేకుండా అచ్చేశాడు. 1803 కూర్పులో, ప్రకృతి పెట్టిన విందులో కొందరికి విస్తరి లేదు అనే అర్థం వచ్చే ఓ భాగం చేర్చాడు. అది చూసి జనం దుమ్మెత్తి పోస్తే తర్వాతి కూర్పులో తీసేశాడు. మనిషిగా చాలా మృదుస్వభావి అంటారు. అతని పుస్తకం చదివినవాళ్ళందరూ అలా లేరు. మన కంపెనీల్లో మనుషుల్ని రిసోర్సులు అంటాం, పని లేనివాళ్ళు బెంచి మీద ఉన్నారంటాం. మాట కాస్త పొడిగా ఉంటే పంపించేయడం సులువు. మిగులు జనాభా అన్నదీ అలాంటి మాటే.

డికెన్స్‌కి ఇదంతా పుస్తకాల చదువు కాదు. 1824లో వాళ్ళ నాన్నని అప్పుల కింద మార్షల్‌సీ జైల్లో పెట్టారు. పన్నెండేళ్ళ పిల్లవాడు బూట్‌పాలిష్ తయారుచేసే చోట వారానికి ఆరు షిల్లింగులకి డబ్బాలకి కాగితాలు అంటించాడు. 1843 వసంతంలో గనుల్లో, కార్ఖానాల్లో పిల్లల పని మీద ప్రభుత్వ నివేదిక చదివి, పేదవాడి బిడ్డ తరఫున దేశానికి విజ్ఞప్తి అంటూ ఓ కరపత్రం వేద్దామనుకున్నాడు. నాలుగు రోజులైనా కాకముందే మనసు మార్చుకుని, ఆగండి, ఇంకా వేల రెట్లు గట్టిగా తగిలేది సంవత్సరం చివర్లో ఇస్తాను అని ఒక డాక్టరు మిత్రుడికి రాశాడు. సెప్టెంబర్‌లో లండన్ మురికివాడలో ఫీల్డ్ లేన్ అనాథ బడి చూశాడు. అక్టోబర్‌లో మొదలుపెట్టి ఆరు వారాల్లో పూర్తిచేశాడు. 1843 డిసెంబర్ 19న పుస్తకం బయటికొచ్చింది, క్రిస్మస్ ముందు రోజుకి ఆరు వేల కాపీలూ అయిపోయాయి.

ఇక్కడో చిన్న లెక్క. పుస్తకం ధర ఐదు షిల్లింగులు. కథలో స్క్రూజ్ గుమాస్తా బాబ్ క్రాచిట్ వారం జీతం పదిహేను షిల్లింగులు. అంటే తన కథ తను కొనుక్కోవాలంటే బాబ్ రెండు రోజుల జీతం పెట్టాలి. రంగుల బొమ్మలు, బంగారు అంచులు అని డికెన్స్ పట్టుబట్టడంతో ఖర్చు పెరిగి, వెయ్యి పౌన్లు వస్తాయనుకున్నచోట మొదటి కూర్పు మీద రెండు వందల ముప్ఫై మిగిలింది. పైగా జనవరిలోనే పైరసీ! కేసు వేసి గెలిచాడు, అవతలివాళ్ళు దివాలా తీశామని చేతులెత్తేశారు, కోర్టు ఖర్చులు ఏడు వందల పౌన్లు ఈయన నెత్తినే పడ్డాయి. పిసినారితనం మీద పుస్తకం రాసినవాడికి జరగాల్సినదేనా ఇది :)

పుస్తకం అందరికీ నచ్చలేదు. వెస్ట్‌మినిస్టర్ రివ్యూ అనే పత్రిక 1844లో, ఈయనకి అర్థశాస్త్రం తెలియదు, బాబ్ ఇంటికి టర్కీ కోడి వచ్చిందంటే మరెవరో అది లేకుండా ఉండాలి కదా, వాళ్ళెవరో చెప్పడేం అని వెక్కిరించింది. మనలో చాలామందికి ఈ వాదం తెలుసు, ఉచితాల మీద చర్చ వచ్చినప్పుడల్లా క్యాంటీన్లో వింటూనే ఉంటాం. నేనూ చేశాను.

ఇంతవరకూ ఇదంతా ఇంగ్లండు గొడవే. కానీ వెతుకుతుంటే దారం మన ఊళ్ళవైపు వచ్చింది. మాల్థస్ ఉద్యోగం ఏమిటో తెలుసా? 1805 నుంచి 1834లో చనిపోయేదాకా ఈస్టిండియా కంపెనీ వాళ్ళ కాలేజీలో ప్రొఫెసరు. హెయిలీబరీలో ఉండే ఆ కాలేజీ పనే ఇండియాకి వెళ్ళే కలెక్టర్లనీ జడ్జీలనీ తయారుచేయడం. మన సి.పి. బ్రౌన్ కూడా అక్కడ చదివే 1817లో మద్రాసులో దిగాడు. ఒకే కాలేజీ నీళ్ళు అందరికీ ఒకేలా వంటపట్టవు. బ్రౌన్ ఏమో కడపలో, మచిలీపట్నంలో సొంత డబ్బుతో ఉచిత బడులు పెట్టాడు, తెలుగు పుస్తకాల కోసం అప్పులపాలయ్యాడు.

లండన్‌లో పూర్ లా కమిషన్ కూర్చున్న ఆ 1832-33 సంవత్సరాల్లోనే గుంటూరు ప్రాంతంలో నందన కరువు. జిల్లాలో మూడో వంతు మనుషులు పోయారని అంచనా. తర్వాత 1876-78లో ధాత కరువు, రాయలసీమ, నెల్లూరు వైపులు ఎండిపోయాయి. ఇక్కడ రిచర్డ్ టెంపుల్ అనే మనిషి వస్తాడు. ఈయనదీ హెయిలీబరీయే, అయితే మాల్థస్ పోయాక చదివినవాడు.

ఈయన కథ స్క్రూజ్‌ని తలకిందులు చేసినట్టుంటుంది. 1873-74లో బీహార్‌లో కరువొస్తే టెంపుల్ ధారాళంగా ఖర్చుపెట్టాడు. బర్మా నుంచి నాలుగున్నర లక్షల టన్నుల బియ్యం తెప్పించాడు. ఆకలి చావులు దాదాపు లేకుండా చేశాడు. మెచ్చుకున్నారా? లేదు. డబ్బు తగలేశాడన్నారు. బతికించడం ప్రభుత్వం బాధ్యత అని ఇండియా జనానికి అలవాటు చేశాడని లండన్ పత్రిక ఎకనామిస్ట్ తిట్టింది. మూడేళ్ళకి వైస్రాయ్ లిట్టన్ ఆయన్నే మద్రాసు కరువు చూడమని పంపాడు. ఈసారి ఖర్చు తగ్గించేవాడిగా వచ్చాడు. 1877 జనవరిలో దిగి, కరువు పనుల్లో మట్టి మోసే మగవాడికి రోజుకి ఇచ్చే ధాన్యాన్ని పౌనున్నర నుంచి పౌనుకి తగ్గించాడు. పౌనంటే నాలుగు వందల యాభై గ్రాములు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్, ఈ తిండితో మనిషి పనిచేయలేడు, చచ్చిపోతాడు అని లెక్కలతో సహా రాస్తూ పోయాడు. కొన్ని నెలలకి మద్రాసు ప్రభుత్వం ఆ కొలత మార్చుకుంది. ఈలోపు జరగాల్సింది జరిగింది. ఆ కరువు మొత్తం మీద దేశంలో యాభై లక్షలకి పైగా పోయారు. మనం కారులో చెన్నై పోతూ చూసే బకింగ్‌హామ్ కాలవలో కొంత భాగం ఆ కరువు కూలీలు తవ్విందే.

మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు 1877 ఆగస్టులో ఇంగ్లండు ప్రజలని చందాలడిగితే లిట్టన్‌కి అదీ నచ్చలేదు. చందాలు మాత్రం లక్షల పౌన్లలో వచ్చాయి. స్క్రూజ్ తలుపు కొట్టిన ఆ ఇద్దరు పెద్దమనుషుల్లాంటివాళ్ళు ఇంకా ఉన్నారన్నమాట.

నాకు టెంపుల్ అంటే కోపం కన్నా భయం ఎక్కువ. ఆయన చెడ్డవాడు కాదు, పిసినారీ కాదు. బీహార్‌లో చేతనైందని నిరూపించినవాడు. తిట్లు తిన్నాక, పైవాళ్ళ మనసులో ఏముందో కనిపెట్టి, ఎక్సెల్ షీట్‌లో ఒక గడి మార్చినట్టు పౌనున్నర తీసి పౌను పెట్టాడు. మంచి అప్రైజల్ కోసం మనలో ఎంతమంది ఆ గడి మార్చకుండా ఉంటాం?

డికెన్స్ మీద ఒక విమర్శ ఉంది: దెయ్యాలొచ్చి ఒక యజమాని మనసు మార్చితే వర్క్‌హౌసులు పోతాయా అని. పోలేదు నిజమే. ఆ పాత పూర్ లా పూర్తిగా రద్దయింది 1948లో. కానీ పుస్తకం చివర మళ్ళీ చదివితే రెండు సంగతులు కనిపించాయి. ఒకటి, స్క్రూజ్ బాబ్ ఇంటికి కోడి పంపి ఊరుకోడు, మర్నాడు జీతం పెంచుతాడు. నా దృష్టిలో కోడి దానం, జీతం బాకీ. రెండోది, వీధిలో ఆ చందా పెద్దమనిషి ఎదురైతే ఆపి, చెవిలో ఒక అంకె చెప్తాడు. ఎంతో రచయిత మనకి చెప్పడు. ఆ పెద్దమనిషికి ఊపిరి ఆగినంత పనవుతుంది. అందులో పాత బకాయిలు చాలా కలిసి ఉన్నాయిలెండి అంటాడు స్క్రూజ్.

జనవరి రెండో వారంలో మిత్రుడికి డబ్బు పంపించాను. ఎంతని రాయను, స్క్రూజ్‌దే రాయలేదు కదా డికెన్స్. వాడు ఫోన్ చూసుకుని, "ఇప్పుడెందుకురా, ఆపరేషన్ అయిపోయింది, లెక్క కూడా క్లోజ్ చేసేశా" అన్నాడు. ఫిజియోథెరపీకి ఉంటుందేమో కనుక్కో అన్నాను. ఆ సాయంత్రమే డ్రైవర్‌కి ఫోన్ కలిపి నాకిచ్చాడు. నేనెవరో చెప్పాను. "గుర్తుంది సార్, మూడో పికప్ మీది" అన్నాడు. ఫిబ్రవరి చివరికల్లా డ్యూటీకి రావాలి, లేకపోతే బండి వేరేవాళ్ళకిచ్చేస్తామన్నారు, క్లచ్ తొక్కగలిగితే చాలు సార్ అన్నాడు.